లేకపోతే కిష్టప్ప

మా కిష్టప్ప సార్ ఏదీ ఉందని నమ్మడు. ఆయనతో వచ్చిన చిక్కంతా ఇదొక్కటే. కళ్లెదురుగా ఉన్నదాన్ని కూడా "ఉందా?" అని అడుగుతాడు. ఉందని మనం చెప్పగానే "లేకపోతే?" అంటాడు. ఈ రెండు ప్రశ్నలతో ఆయన యాభై రెండేళ్లు హాయిగా బతికాడు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కుని నేను పదకొండు నెలలు బతికాను. ఎవరి కష్టం పెద్దదో మీరే తేల్చండి.

నా పేరు స్నిగ్ధ. మాది సంగారెడ్డి. ఇంజనీరింగ్ అయ్యాక బొల్లారంలో ఒక మందుల కంపెనీ కంప్యూటర్ సెక్షన్లో చేరాను. సెక్షన్ అంటే ఏదేదో ఊహించుకోకండి. క్యాంటీన్ పక్కన ఒక గది, రెండు కుర్చీలు, చల్లగాలి ఇవ్వకుండా చప్పుడు మాత్రమే ఇచ్చే ఒక ఏసీ. ఒక కుర్చీ నాది, రెండోది కిష్టప్ప సార్‌ది. ఆయన ఇరవై ఏళ్లు మా కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా. ర్యాకులు, అరలు, డబ్బాలు, చిట్టీలు, అదే లోకం. తర్వాత ఎవరు చెప్పారో, ఏ పుస్తకం చూశాడో, తనంతట తాను జావాస్క్రిప్టు నేర్చుకుని ఈ గదిలోకి మారాడు. మనిషి మారాడు గానీ స్టోర్స్ ఆయన్ని వదల్లేదు.

చేరిన మొదటి రోజే నాకు విషయం అర్థమైంది. క్యాంటీన్ లింగం తలుపు దగ్గర కనిపించాడు.

"లింగం, రెండు చాయ్ తే."

"తెస్త సార్."

"పాలు ఉన్నయా?"

"ఉన్నయి సార్."

"లేకపోతే?"

"అరే, ఉన్నయి సార్!"

"ఉన్నయిలే. లేకపోతే ఏం జేస్తవని అడుగుతున్న."

"నల్ల చాయ్ తెస్త."

"చాయ్‌పత్త లేకపోతే?"

"వేడి నీళ్లు తెస్త."

"గ్యాస్ లేకపోతే?"

"రాజీనామా కాగితం తెస్త సార్" అని లింగం వెళ్లిపోయాడు. చాయ్ రావడానికి అరగంట పట్టింది. అప్పటికి నాకు తలనొప్పి మొదలైంది. ఆ తలనొప్పికి చాయ్ సరిపోలేదు.

పోనీ ఏదైనా అడిగితే సూటిగా చెబుతాడా అంటే అదీ లేదు. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టే దిగుతాడు. "సార్, స్టేప్లర్ ఎక్కడుంది?" అన్నాను ఒకసారి. "మన కంపెనీ. కంపెనీల రెండో బిల్డింగు. బిల్డింగుల మన రూము. రూముల నా టేబులు. టేబులుకు ఎడమ దిక్కు సొరుగు. సొరుగుల వెనక మూల..." అని చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నంతసేపూ స్టేప్లర్ ఆయన చేతిలోనే ఉంది.

గేటు దగ్గర సెక్యూరిటీ నర్సింహులు తన కూతురి పెళ్లికార్డు తీసుకొచ్చి ఇచ్చినప్పుడైతే నేను టేబుల్ కింద దూరిపోదామనుకున్నాను.

"పెండ్లి ఏడ నర్సింహులు?"

"పటాన్‌చెరుల సార్, ఫంక్షన్ హాల్ల."

"హాలు ఖాయం జేసినవా?"

"జేసిన సార్."

"లేకపోతే?"

"జేసిన అంటున్న గద సార్."

"సరే, పెండ్లికొడుకు ఉన్నడా?"

"గదేం మాట సార్! ఉన్నడు!"

"ఉండాలె, మంచిగుండాలె. నేను ఊరికే అడిగిన."

నర్సింహులు ముఖం ఎర్రగా చేసుకుని కార్డు వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో తిరిగిచ్చాడు. పెళ్లికి మేమంతా వెళ్లాం. కిష్టప్ప సార్ గొడుగు పట్టుకొచ్చాడు, టార్చిలైటు పట్టుకొచ్చాడు, సంచిలో టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకున్నాడు. "సార్, పెండ్లికి డబ్బా ఎవరైనా తెచ్చుకుంటరా?" అని నేను పళ్లు నూరుతుంటే, "కూర అయిపోతే?" అన్నాడు. కూర అయిపోలేదు. మూడు రకాలు మిగిలాయి. పైగా ఆయన తెచ్చిన డబ్బాలో కూడా మిగిలిన బగారన్నమే పెట్టించుకుని వెళ్లాడు.

ఇక పని సంగతి. ఇక్కడ మీకు కాస్త జావాస్క్రిప్టు చెప్పాలి, భయపడకండి. మా దగ్గర పనిచేసే ప్రతి మనిషి వివరాలూ కంప్యూటర్లో పెట్టెలో పెట్టెలాగా ఉంటాయి. మనిషి పేరున ఒక పెద్ద పెట్టె. దాన్లో 'ఇల్లు' అని ఒక పెట్టె. దాన్లో 'సొంతవాళ్లు' అని ఇంకో పెట్టె. దాన్లో 'ఫోను'. కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లీషులో రాస్తాం, మీకోసం తెలుగులో చెబుతున్నాను. నాకిచ్చిన మొదటి పని ఆ చివరి పెట్టెలోని నంబరు బయటికి తీయడం. ఓస్ ఇంతేనా అనుకుని నేను "ఇల్లు.సొంతవాళ్లు.ఫోను" అని మొత్తం దారిని ఒకే ముక్కగా రాసి, ఇదిగో ఈ పేరున ఉన్నది తెచ్చిపెట్టు అన్నాను. ఆరువందల నలభై మందికీ ఒకటే జవాబు వచ్చింది: అన్‌డిఫైన్డ్. అంటే, అలాంటిదేమీ నా దగ్గర లేదు పొమ్మని.

కిష్టప్ప సార్ నా భుజం మీదుగా తొంగిచూసి కిసుక్కున నవ్వాడు.

"ఎట్లున్నదంటే స్నిగ్ధమ్మా, గోదాంకు పోయి 'రెండో గోదాం నాలుగో ర్యాకు మూడో అర' అని పేరున్న డబ్బా ఏదీ అని అడిగినట్టున్నది. గసొంటి పేరున్న డబ్బా ఏడుంటది? గది పేరు కాదు, తొవ్వ."

"మరి ఏం చేయాలె సార్?"

"చిట్టీ చింపాలె." అని నిజంగానే ఒక కాగితం మీద ఆ దారి రాసి, చుక్క పెట్టిన ప్రతిచోటా చించాడు. మూడు ముక్కలు నా ముందు పెట్టాడు. "మొదటి ముక్క పట్టుకొని మొదటి తలుపు తీయి. లోపలికి పోయినంక రెండో ముక్కతోని రెండో తలుపు. ఆడికెల్లి మూడోది. మొత్తం చిట్టీ పట్టుకొని ఒకటే తలుపు కొడితే ఎవలు తీస్తరు?"

అంతవరకూ బాగానే ఉంది. అక్కడ ఆగితే ఆయన కిష్టప్ప సార్ ఎందుకవుతాడు?

"మొదటి తలుపు ఉందా?"

"ఉంది సార్."

"లేకపోతే?"

అలా ప్రతి తలుపు దగ్గరా ఆగాం. ఒక పెట్టె లేకుండానే దాని లోపలి పెట్టె అడిగితే జావాస్క్రిప్టు అక్కడికక్కడే బోర్లా పడుతుంది, నిజమే. అందుకని ఆయన ఎప్పుడో ఒక ప్రోగ్రాం రాసి పెట్టుకున్నాడు. పేరు 'మెట్లు'. దానికి దారి రాసిన చిట్టీ ఇస్తే చుక్కల దగ్గర చించుకుని, ఒక్కో మెట్టు దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఉందా అని చూసుకుని, లేకపోతే 'లేకపోతే' అనే ఇంకో ఫైల్లోకి వెళ్లి అక్కడున్నది తెచ్చిపెడుతుంది. రెండేళ్లుగా కార్మికుల కార్డుల వెనక ఆపద నంబర్లు అచ్చువేస్తున్నది ఈ ప్రోగ్రామే. మొత్తం నలభై ఆరు లైన్లు. నేను లెక్కపెట్టాను. ఆ 'లేకపోతే' ఫైలును మాత్రం ఎన్నడూ తెరవలేదు. ఆ మాట రోజంతా చెవుల్లో మోగుతుంటే మళ్లీ కళ్లతో కూడా చూడాలా?

"సార్, ఇప్పుడు జావాస్క్రిప్టులో దీనికి చిన్న పద్ధతి వచ్చింది" అని ఒకరోజు ఓపికగా చెప్పాను. "ఒక ప్రశ్నార్థకం, ఒక చుక్క. పెట్టెకూ పెట్టెకూ నడుమ ఈ రెండు గుర్తులు పెడితే చాలు. తలుపు ఉందో లేదో అదే చూసుకుంటది. బోర్ల పడదు. ఒకటే లైను!"

"తలుపు లేకపోతే ఏం జేస్తది?"

"ఏం చేయదు. అన్‌డిఫైన్డ్ అని చెప్పి ఊకుంటది."

"అది ఊకుంటది. మరి మనం ఊకుంటే ఎట్ల?" అని ఆయన తన నలభై ఆరు లైన్లకు ఇంకో రెండు కలిపాడు. నలభై ఎనిమిది.

ఇంత జాగ్రత్త మనిషి పనిలోనైనా కుదురుగా ఉంటాడా అంటే, ఆ ఫోను ఉండనివ్వదు. ఆయన ఫోను మోగితే కోడి కూస్తుంది. అలా పెట్టుకున్నాడు మహానుభావుడు. మీటింగులో కొక్కొరోకో, భోజనం దగ్గర కొక్కొరోకో. కూసిన ప్రతిసారీ ఏ పనిలో ఉన్నా లేచి వరండాలోకి పరుగెత్తుతాడు. అక్కడినుంచి ముక్కలు ముక్కలుగా మాటలు వినిపిస్తాయి. "ఆ, కాగితాలు నా దగ్గరనే ఉన్నయి, సంతకం నేను పెడుత." "బొల్లారం మూల మీదనా? ఆడనే ఉండనీయండి, జల్దీ వచ్చి సూస్త." "గిప్పటికిప్పుడు ఖాళీ చెయ్యమంటే ఎట్ల భయ్యా? ఒక నెల ఆగు."

ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. ప్లాట్లు! మా బెల్టులో ఎవరి ఫోను ఎక్కువ మోగినా ప్లాట్లే. సదాశివపేట దాకా వెంచర్లు లేస్తున్నాయి, ఈయనొక్కడే వెనకబడతాడా? లింగాన్ని అడిగాను. "ప్లాట్లే గావొచ్చు మేడం" అని అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీ వరండాలో ప్లాట్లు అమ్మే మనిషి, నాకు జాగ్రత్తలు నేర్పుతున్నాడని మాత్రం ఒళ్లు మండింది.

ఆ నెల మధ్యలో మా హెచ్చార్ మేనేజరు సుమిత్ర మేడం మమ్మల్ని పిలిపించింది.

"ఒకటో తారీఖు నుంచి గేటు దగ్గర స్క్రీన్ పెడుతున్నం. మనిషి కార్డు చూపెడితే పేరు, బస్సు నంబరు, ఆపదలో పిలవాల్సిన నంబరు పడాలె. ఆపద నంబరు లేనోళ్లకు గేటు తెరుచుకోదు, పైనుంచి ఆర్డరు. సైరన్ మోగేలోపల లోపలికి రానోళ్లకు ఆరోజు పని లేదు." అని నా వైపు తిరిగింది. "స్నిగ్ధా, ఇది నీకే అప్పజెపుతున్న. నిన్ను పర్మనెంట్ చేసే కాగితం నా టేబుల్ మీదనే ఉన్నది. ఒకటో తారీఖు గేటు మంచిగ నడిస్తే అదేరోజు సంతకం పెడుత. నడవకపోతే మళ్ల ఆర్నెల్లు చూద్దాం."

"మేడం, కరెంటు ఉంటదా?" అన్నాడు కిష్టప్ప సార్.

"ఉంటది సార్."

"లేకపోతే?"

"జనరేటర్ ఉన్నది."

"జనరేటర్ల డీజిల్..."

"ఉన్నది! ఉన్నది! ఉన్నది!" అని సుమిత్ర మేడం చేతులు జోడించింది. ఆ క్షణాన ఆవిడ మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

గేటు ప్రోగ్రాం నేను పది రోజుల్లో రాసేశాను. చక్కగా, చిన్నగా, నా ఒక్క లైనుతో. కానీ కిష్టప్ప సార్ ఊరుకోలేదు, తన 'మెట్లు' దాన్లో పెట్టించాడు. "పాతది ఉంటే ఏం పోతది అమ్మా, ఉండనీ." ప్రతి రోజూ వచ్చి చూసేవాడు, ఉందా అని. ముప్పయ్యో తారీఖున నా ఓపిక కట్ట తెగింది.

"సార్, మీ 'లేకపోతే' లేకపోయినా ఈ కంపెనీ నడుస్తది! జెర నన్ను నా పని చేసుకోనీయండి!"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. అనకూడని మాట అన్నానని నాకూ తెలిసింది. కానీ క్షమించమని అడిగేలోపే కోడి కూసింది, ఆయన వరండాలోకి పరుగెత్తాడు, నా కోపం మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన సంచి భుజానికేసుకుని, "సంగారెడ్డి దాక పోయొస్త అమ్మా, ఒక సంతకం ఉన్నది" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకేనని నాకు ఖాయమైపోయింది. ఆయన గేటు దాటగానే నేను 'మెట్లు' తీసి పక్కన పెట్టేశాను. నలభై ఎనిమిది లైన్ల చోట నా ఒక్క లైను. పదిమంది కార్డులు పెట్టి చూశాను. నాది, సుమిత్ర మేడంది, నర్సింహులుది, ఆఫీసువాళ్లవి. పదీ చక్కగా వచ్చాయి. ప్రశాంతంగా ఇంటికి వెళ్లి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఒకటో తారీఖు పొద్దున్నే గేటు దగ్గర స్క్రీనుకు బంతిపూల దండ వేశారు. సుమిత్ర మేడం కొబ్బరికాయ కొట్టింది. మొదట ఆఫీసు బస్సు వచ్చింది. కార్డు చూపడం, పేరు పడడం, నంబరు పడడం, గేటు తెరుచుకోవడం, అంతా సాఫీగా సాగింది. మేడం నా వైపు చూసి తలాడించింది. మనసులో నేను ఆ పర్మనెంటు కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించేశాను.

తర్వాత కాంట్రాక్టువాళ్ల బస్సు వచ్చింది. అందరికన్నా ముందు దిగింది బక్కమ్మ. కొండాపూర్ మండలం నుంచి వస్తుంది, ప్లాంటులో ఊడ్చే పని. ఇంట్లో ఒక్కతే. కార్డు చూపింది. స్క్రీను మీద పేరు పడింది, బస్సు నంబరు పడింది, ఆపద నంబరు దగ్గర మాత్రం ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో 'అన్‌డిఫైన్డ్' అని పడింది. గేటు కదల్లేదు.

"గదేం రాసిన్రు నర్సింహులూ?" అంది బక్కమ్మ.

నర్సింహులు కూడబలుక్కుని చదివాడు. "అన్... డి... ఫైండ్."

"ఫైనా? నేనేం జేసిన్నని ఫైను ఏసిన్రు? నిన్న గూడ మంచిగనే ఊడ్సిపోయిన గద!"

"నీ తప్పు కాదు బక్కమ్మా, జెర పక్కకు నిలబడు" అన్నాను. వెనక ఒడిశా వెల్డర్ కార్డు పెట్టాడు. అన్‌డిఫైన్డ్. అతని వెనక బీహారు కుర్రాళ్లు ఇద్దరు. అన్‌డిఫైన్డ్, అన్‌డిఫైన్డ్. కాంట్రాక్టర్లు వీళ్ల ఫారాలు నింపినప్పుడు 'సొంతవాళ్లు' అన్న పెట్టెనే పెట్టలేదు. పెట్టె లేదు, ఫోను లేదు, నా ఒక్క లైను బోర్లా పడకుండా ఎంతో మర్యాదగా ఊరుకుంది. చూస్తుండగానే గేటు బయట అరవై మూడు మంది జమయ్యారు. సైరన్‌కు ఇంకా పన్నెండు నిమిషాలుంది. నా కాగితం పోతే పోయింది, ఆర్నెల్ల తర్వాత వస్తుంది. వీళ్ల ఈరోజు పని మాత్రం మళ్లీ రాదు. అదీ నా వల్ల.

సుమిత్ర మేడం ముఖంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. "స్నిగ్ధా, ఏంది ఇది?"

నేను సెక్యూరిటీ క్యాబిన్లో లాప్‌టాప్ తెరిచి, నా ఒక్క లైను పీకేసి ఆ నలభై ఎనిమిది లైన్లూ తిరిగి పెట్టాను. "బక్కమ్మా, మళ్లొకసారి చూపెట్టు."

చూపింది. పది అంకెల నంబరు పడింది. గేటు తెరుచుకుంది. ఊపిరి పీల్చుకున్నాను. వెల్డర్ చూపాడు, నంబరు పడింది. బీహారు కుర్రాళ్లకూ పడింది. అయిదో మనిషి దగ్గర సుమిత్ర మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. అందరికీ ఒకటే నంబరు వస్తున్నది."

చూశాను. నిజమే. అదే నంబరు, అన్నీ అవే అంకెలు.

"తప్పుడు నంబరు పెట్టి గేటు తెరిపిస్తున్నవా?" మేడం గొంతు గట్టిపడింది. "ఫోన్ చెయ్యి ఆ నంబరుకు. ఎవలు ఎత్తుతరో చూద్దాం. ఎవలూ ఎత్తకపోతే గేటు బంద్."

క్యాబిన్లోని ల్యాండ్‌లైను నా వైపు జరిపాడు నర్సింహులు. ఎందుకో మీసాల్లో నవ్వుతున్నాడు. స్క్రీను చూస్తూ ఒక్కో అంకే నొక్కాను. రింగు వెళ్లింది.

నా వెనక కోడి కూసింది.

తిరిగి చూశాను. పటాన్‌చెరు బస్సులోంచి అప్పుడే దిగి, గుంపు వెనక సంచి సర్దుకుంటున్న కిష్టప్ప సార్, కంగారుగా జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఆ, చెప్పండి, నేనే. ఎవలకేమైంది? మనిషి మాట్లాడుతున్నడా?"

రిసీవర్లో ఒకసారి, గాలిలో ఒకసారి, రెండు చెవులకూ వినిపించింది.

"సార్..." అన్నాను.

"ఎవలమ్మా నువ్వు? ఏడవకు. పరేషాన్ గాకు. ముందుగాల ఏడున్నవో చెప్పు. దవాఖానలనా, రోడ్డు మీదనా?"

"గేటు దగ్గర ఉన్న సార్."

"ఏ గేటు?"

"మన గేటే సార్. మీ ముందరనే."

ఆయన తలెత్తి చూశాడు. నన్ను చూశాడు, రిసీవరు చూశాడు, స్క్రీను చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా ఫోను మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

గుంపులో నవ్వులు మొదలయ్యాయి. అందరికీ తెలుసట. నర్సింహులుకు తెలుసు, లింగానికి తెలుసు, అరవై మూడు మందికీ తెలుసు. తెలియనిది నాకూ మేడంకూ.

"మేడం, మొన్న బస్సుల నాకు కండ్లు తిరిగి పడితే కార్డు ఎనక నంబరుకు ఫోన్ జేసిన్రు" అంది గేటు లోపలినుంచి బక్కమ్మ. "సారు ఉరుక్కుంట వచ్చిండు. డాక్టరమ్మ 'నువ్వేమైతవు?' అంటే 'ఆపదకైత' అన్నడు." వెల్డర్ చెయ్యెత్తాడు. అతనుంటున్న గది ఖాళీ చేయమని ఇంటి ఓనరు గోల చేస్తే, నెల రోజుల గడువు ఇప్పించింది ఈయనే. నిన్న సంగారెడ్డిలో పెట్టిన సంతకం కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాదు. ఈ బీహారు కుర్రాళ్ల తమ్ముడు ఒకడు కాలు విరిగి దవాఖానలో ఉంటే, ఇంటికి తీసుకుపోతున్నామని దవాఖాన కాగితం మీద పెట్టిన సంతకం. నా ప్లాట్లన్నీ ఒక్కొక్కటే నా నెత్తిన పడ్డాయి.

సుమిత్ర మేడం నడుం మీద చేతులు పెట్టుకుంది. "అరవై మూడు మందికి మీరొక్కరే ఆపద నంబరా సార్? ఇది రూల్సుకు ఒప్పుకుంటదా?"

"రూల్సు నేను సదివిన మేడం. 'ఆపదల పిలిస్తే వచ్చే మనిషి' అని రాసి ఉన్నది. సొంత మనిషే కావాలని లేదు. నేను వస్తున్న గద."

"అయినా ఎందుకు సార్ ఇదంత?"

ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఇరవై ఏండ్లు స్టోర్స్‌ల చేసిన మేడం. అర మీద పేరు రాసి లోపల ఖాళీగుంటే నాకు తినబుద్ధి గాదు. ఏదో ఒకటి పెట్టాలె. పెట్టనీకి వేరేది దొరకలేదు, నా నంబరు పెట్టిన."

మేడం నర్సింహులు వైపు తిరిగి, "చూస్తవేంది? గేటు తెరువు, సైరన్ టైమయితున్నది" అంది. అరవై మూడు మందీ లోపలికి వెళ్లారు. చివరి మనిషి కాలు లోపల పెట్టాక సైరన్ మోగింది.

ఆ సాయంత్రం నేను మొదటిసారి ఆ 'లేకపోతే' ఫైలు తెరిచాను. లోపల ఒకే ఒక్క లైను, ఒకే ఒక్క నంబరు. నలభై ఎనిమిది లైన్ల ఆ తిప్పలన్నీ ఆ ఒక్క లైను దగ్గరికి చేరడానికే. నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ముందే చెబితే ఏం పోయేది ఈ మనిషికి?

"సార్, మొన్న అట్ల అనొద్దుండె. మనసుల పెట్టుకోకండి."

"ఏమన్నవమ్మా?"

"మీ 'లేకపోతే' లేకపోయినా..."

"నిజమే గద. కంపెనీ నడుస్తది. బక్కమ్మ నడవదు" అని ఆయన చాయ్ ఊదుకున్నాడు.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. పదకొండు నెలల కసి తీర్చుకునే అవకాశం.

"సార్, ఫోన్ వస్తే మీరు ఎత్తుతరా?"

"ఎత్తుత."

"ఎత్తకపోతే?"

ఆయన కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. "స్నానానికి పోయినప్పుడు..." అని నసిగి ఆగిపోయాడు. యాభై రెండేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేరు. పాపం, ముఖం పాలిపోయింది. నేను ఫైల్లో ఆయన నంబరు కింద ఇంకో లైను రాశాను. రెండో నంబరు. నాది.

పర్మనెంట్ కాగితం మీద సుమిత్ర మేడం వారం తర్వాత సంతకం పెట్టింది. ఆలస్యం ఎందుకంటే, అరవై మూడు మందినీ కూర్చోబెట్టి సొంతవాళ్ల నంబర్లు రాయించమంది. నలభై మందివి దొరికాయి. ఇరవై మూడు మందికి ఇప్పటికీ మేమే.

నిన్న భోజనం దగ్గర నా ఫోను మోగింది. కంపెనీ బస్సు డ్రైవరు. సార్ ఫోను బిజీగా ఉందట. బక్కమ్మ టిఫిన్ డబ్బా బస్సులో మరిచిపోయింది, సీట్ల కింద మూడు డబ్బాలున్నాయి, ఏది ఆమెదో తెలియడం లేదు. నేను అన్నం చెయ్యి అలాగే పెట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. లింగం చూసి పెద్దగా అరిచాడు, "మేడం, మీరు గూడ ప్లాట్లు మొదలువెట్టిన్రా?"

అతన్ని తర్వాత చూసుకుందామని డ్రైవరుతో అన్నాను, "అన్నా, బక్కమ్మ డబ్బాకు ఎర్ర మూత ఉంటది. ఎర్ర మూత ఉన్నది ఏదో చూడు."

లోపల తన ఫోను మాట్లాడడం ముగించి, నా వెనకే వచ్చి నిలబడ్డ కిష్టప్ప సార్ మెల్లగా అన్నాడు.

"మూత లేకపోతే?"